ఎంత గట్టిగా తొక్కాలి? మీ ఊపిరినే అడగండి



మన ఆసుపత్రి ఓ.పి.కి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు వచ్చారు. ఏడాది క్రితం గుండెకు స్టెంటు వేయించుకున్నారు. హైదరాబాదులో ఉన్న కొడుకు ఆయనకు ఎక్సర్‌సైజ్ సైకిలు కొనిచ్చాడు. "డాక్టరుగారూ, రోజూ అరగంటలో పన్నెండు కిలోమీటర్లు తొక్కుతున్నాను. అయినా చర్చి మెట్లెక్కితే ఆయాసం తగ్గలేదు" అన్నారు. పక్కనున్న ఆయన భార్య నవ్వి, "తొక్కుతూనే పేపరంతా పైకి చదివి వినిపిస్తారండీ" అన్నారు. జవాబు ఆమె మాటలోనే ఉంది.

మీటరును నమ్మవచ్చా?

ఇళ్లలో వాడే చాలా సైకిళ్ల మీటరు, పెడల్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దాన్నే కిలోమీటర్లుగా చూపిస్తుంది. లోడు నాబ్ వదులుగా ఉంటే కాళ్లు ఊరికే తిరుగుతాయి, కిలోమీటర్లు మాత్రం పెరుగుతాయి. క్యాలరీల అంకె కూడా అంచనా మాత్రమే.

పాట పరీక్ష

ముందుగా ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కండి. తరువాత నాబ్‌ను కొద్దికొద్దిగా బిగిస్తూ, మీకు బాగా వచ్చిన కీర్తన పాడి చూడండి.

• పల్లవి, చరణం హాయిగా పాడగలిగితే శ్రమ చాలదు. ఇంకొంచెం బిగించండి.
• మాట్లాడగలరు గాని, పాడబోతే మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తోందా? ఇదే తగిన స్థాయి.
• రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే శ్రమ ఎక్కువైంది. వెంటనే వదులు చేయండి.

స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ శ్రమను కొలవడానికి 6 నుంచి 20 వరకు ఒక కొలమానం తయారు చేశారు. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక చేతకాదు. గుండె జబ్బు ఉన్నవారికి సాధారణంగా 11 నుంచి 13 మధ్య, అంటే "తేలిక" నుంచి "కొంచెం కష్టం" వరకు సరిపోతుంది.

నాడి లెక్క అందరికీ కాదు

220 నుంచి వయసు తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందంటారు. 60 ఏళ్లవారికి అది 160. అందులో 64 నుంచి 76 శాతం, అంటే సుమారు 102 నుంచి 122, మధ్యస్థ శ్రమ. ఇది సగటు లెక్క మాత్రమే. పైగా మెటోప్రొలాల్, ఎటెనొలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు. వాటిని వాడేవారు ఆ అంకె కోసం బలవంతంగా తొక్కితే ప్రమాదం. అలాగని మాత్రలు మానకూడదు. మన ఉపాధ్యాయుడు కూడా ఆ మాత్ర వాడుతున్నారు. అందుకే ఆయనకు పాట పరీక్షే చెప్పాము.

ఎంతసేపు?

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కొత్తవారు రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. చివరి ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కి దిగండి. ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు.

జాగ్రత్తలు

• గుండె జబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.
• ఛాతీలో నొప్పి లేక బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపండి. తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.
• ఇన్సులిన్ లేక గ్లిమిపిరైడ్ వాడే షుగరు రోగులు ముందుగా పరీక్ష చేసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని కొంతసేపు ఆగండి. పంచదార లేక గ్లూకోజు దగ్గర ఉంచుకోండి.

మన దేహము దేవుని ఆలయమని పౌలు కొరింథీ సంఘానికి వ్రాశాడు. ఆలయాన్ని శుభ్రంగా ఉంచుకున్నట్టే దీన్నీ శ్రద్ధగా చూసుకోవాలి. రెండు నెలల తరువాత ఆ ఉపాధ్యాయుడు మళ్లీ వచ్చారు. "ఇప్పుడు అరగంటకు ఎనిమిది కిలోమీటర్లే అవుతున్నాయండీ. కాని ఆదివారం చర్చి మెట్లు ఆగకుండా ఎక్కాను" అన్నారు.

దేవుడు మీకు ఆరోగ్యము దయచేయును గాక.