పావుగంట ముందున్న గడియారం

తెనాలిలో మా ఇంటి గోడ గడియారాన్ని అమ్మ పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టేది, బడికి ఆలస్యం కాకూడదని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు తెలియదు. ఇంత చిన్న విషయం మీద ఒక హత్యకేసు నడుస్తుందని నాకు నలభై దాటాక, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో తెలిసింది.

2010లో 46 వేల జనాభా ఉన్న ఈ ఊరు 2020 లెక్కలకు 72 వేలు దాటింది. అందులో మనవాళ్లు ఎంతమందో సాయంత్రం నడకకు వెళితే చెవులకే తెలుస్తుంది. సివిక్ ప్లాజాలో అలమీడా కౌంటీ లైబ్రరీ శాఖ ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్లు పుస్తకాలు ఏరుకునేదాకా ఏం తోచక మిస్టరీల అర దగ్గర నిలబడ్డాను. చేతికి తగిలింది అగాథా క్రిస్టీ 'ద మర్డర్ ఎట్ ద వికరేజ్'. 1930లో వచ్చిన ఈ నవలే, హంతకుల్ని పట్టించే ముసలావిడ మిస్ మార్పుల్‌కు మొదటిది.

కథ చెప్పేది ఊరి చర్చి పాస్టరుగారు. ఆయన చదువుకునే గదిలోనే కర్నల్ ప్రోథెరోను ఎవరో కాల్చి చంపారు. రాతబల్ల మీది గడియారం పడిపోయి 6 గంటల 22 నిమిషాల దగ్గర ఆగిపోయింది. ఇంకేం, హత్య జరిగిన సమయం అదేనని ఇన్‌స్పెక్టర్ స్లాక్ తేల్చేశాడు. కానీ ఆ గడియారాన్ని పావుగంట ముందుకు పెట్టుకోవడం పాస్టరుగారి అలవాటు! ఆ ముక్క చెప్పబోతే ఇన్‌స్పెక్టర్ ఆయన్ని నోరెత్తనివ్వడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

డిటెక్టివ్ నవలలు నాకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో మనుషుల్లాగే ఉండేవాళ్లు. అద్దెకు తెచ్చుకునే పుస్తకాలు, అట్టలు ఊడి, నూనె మరకలతో. ఒకసారి తెచ్చినదానికి చివరి రెండు కాగితాలు లేవు. హంతకుడెవరో నాకు ఈనాటికీ తెలియదు. చదవడమనే ఆకలి నాలో పుట్టించింది ఆ నవలలే. యుగంధర్ వెనకాల ఊపిరి బిగబట్టి పరుగెత్తడమే అప్పటి ఆనందం.

ఈ ఇంగ్లీషు నవలల్లో ఆనందం వేరు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం మనకూ దొరకాలన్నది వాళ్ల పట్టుదల. రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన కూడా చర్చి ఫాదరే, 1929లో ఇందుకోసం పది నియమాలు రాశాడు. మరుసటి ఏడాది క్రిస్టీ, డొరొతీ సేయర్స్ వంటివాళ్లు కలిసి లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. చివరి పేజీ చదివాక మళ్లీ మొదటి పేజీకి వెళితే, అన్నీ మన కళ్లముందే పరిచి పెట్టారని తెలుస్తుంది. చూడనిది మనమే. ఈ నిజాయితీకే నేను లొంగిపోయాను.

విషాల సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో క్రిస్టీ టోర్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన తొలి నవల 'ద మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'లో విషం గురించి ఎంత పక్కాగా రాసిందంటే, మందులవాళ్ల పత్రిక ఫార్మస్యూటికల్ జర్నల్ కూడా మెచ్చుకుంది. ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు తప్పక చదవాల్సిన పుస్తకం.

ఇంకా వెనక్కి వెళితే విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్', 1868. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో దోచుకుపోయిన వజ్రం చుట్టూ కథ. ముందుమాటలో కాలిన్స్ కోహినూర్‌ను తలుచుకుంటాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకుంటాం కదా, ఆ పేరు చూడగానే గుండె కలుక్కుమంది.

గుచ్చుకునేవి ఇంకా ఉన్నాయి. పనిమనుషుల్ని, పరాయి దేశస్థుల్ని తేలిక చేసే మాటలు చాలాచోట్ల తగులుతాయి. వాటిని దాటి చదవమని నేను చెప్పను. చూస్తూనే చదవాలి.

ఈ ఏడాది అమ్మ ఆరు నెలలకని వచ్చింది. ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఇక్కడ అరుగు లేదు, మధ్యాహ్నం వీధిలో పలకరించే మనిషి కనబడడు. పిట్టల్ని చూస్తున్నట్టు బైనాక్యులర్స్ పట్టుకుని ఊరందరి రాకపోకలూ గమనించే మిస్ మార్పుల్‌ను ఆమె చేతిలో పెట్టాను.

"అచ్చం మన ఎదురింటి పిన్నిగారేనే!" అంది రెండో రోజుకే. పక్కన ఒక కాగితం పెట్టుకుని, అనుమానం ఉన్నవాళ్ల పేర్లన్నీ టీచరు రాతలో వరసగా రాసింది.

నిన్న వంటింట్లోకి కేకేసింది. "ఏమే, మన గోడ గడియారం గుర్తుందా?"

"గడియారం దగ్గరికి వచ్చావా? హంతకుడెవరో చెప్పనా?"

"చెప్పావంటే ఊరుకోను. ఇంకా బోలెడు పుస్తకముంది."

కళ్లజోడు సర్దుకుని కాగితం మీద ఒక పేరు కొట్టేసింది. ఎవరిదా అని వంగి చూడబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది.