అమెరికా విమానంలో... కాళ్లకు పని చెప్పండి!

హైదరాబాద్ నుంచి డాలస్‌కు దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో విమానం మారి వెళ్తే ఇంకో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువే. దుబాయ్‌కి దాదాపు 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు దాదాపు 16 గంటలు. కూతురి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో వెళ్లే పెద్దవాళ్లు టికెట్ ధర, పచ్చళ్ల బరువు లెక్క చూసుకుంటారు. డాక్టరుగా నేను చూసేది ఆ 16 గంటల లెక్క.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు పంపులా పనిచేసి రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగినట్టే. లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. దీన్నే డీప్ వీన్ థ్రాంబోసిస్ (డీవీటీ) అంటాం. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. 4 గంటలు దాటిన ప్రయాణంతో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని, అయినా 6,000 మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. టికెట్ రద్దు చేసుకోవాల్సినంత భయం అక్కర్లేదు. అయితే గతంలో గడ్డలు వచ్చినవారు, ఇటీవల మోకీలు మార్పిడి లాంటి ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు ముందే డాక్టర్‌ను కలవాలి.

అసలు చిక్కు ఇంకోటుంది. భాష రాదని, దారి తప్పుతారని పిల్లలు వీల్‌చెయిర్ బుక్ చేస్తారు. మంచిదే. కానీ చక్కగా నడవగలిగే అమ్మ కూడా ఇంటి దగ్గర కారెక్కింది మొదలు డాలస్‌లో దిగేదాకా కూర్చునే ఉంటుంది! పైగా బాత్రూమ్‌కు వెళ్లాలంటే పక్కవాళ్లను లేపాలన్న మొహమాటంతో నీళ్లు తాగరు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. అందుకే నడవ పక్క సీటు అడగండి. గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించండి, వీలైనప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయండి. దుబాయ్‌లో ఆగినప్పుడు కాసేపు వీల్‌చెయిర్ దిగి నడవండి. ఎవరో చెప్పారని సొంతంగా ఆస్పిరిన్ మాత్రం వేసుకోవద్దు.

ఇన్సులిన్, బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. కింది లగేజీలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి చెడిపోవచ్చు. డాలస్ గడియారం వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో బయల్దేరడానికి రెండు వారాల ముందే డాక్టర్‌తో కాగితంపై రాయించుకోండి. దిగేదాకా ఒక గడియారాన్ని మన టైముకే ఉంచితే తికమక ఉండదు.

దిగాక రెండు పాదాలూ కాస్త వాచి ఒకట్రెండు రోజుల్లో తగ్గితే సాధారణమే. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే అదేరోజు డాక్టర్‌కు చూపించాలి. ఇది ప్రయాణమైన కొన్ని వారాలకూ రావచ్చు. అక్కడి ఆసుపత్రి ఖర్చుకు భయపడి చాలామంది పెద్దలు పిల్లలకు చెప్పరు. పాత జబ్బులకూ వర్తించే ప్రయాణ బీమా ఇక్కడే తీసుకుని వెళ్లండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఎవరినీ అడగకుండా 911కు ఫోన్ చేయాలి.