తేరునాటి ఛాయాచిత్రాలు - ఇంటికి వచ్చిన చుట్టాలు

చైత్రమాసము వచ్చినదంటే కడప సీమలో ఎండతోపాటు చుట్టాలు కూడ వస్తారు. ఒంటిమిట్ట కోదండరామస్వామివారి బ్రహ్మోత్సవాలు శ్రీరామనవమినాటికి ఆరంభమై పున్నమి దాటువరకు సాగుతవి. కల్యాణము రాత్రివేళ; మరునాటి ఉదయము రథోత్సవము. దానిని మావైపు జనులు రథమనరు, తేరు అంటారు. తేరు చూడవలెనని ఆదోని నుండి పెద్దమ్మ, కర్నూలు నుండి చిన్నాయన, వారి కోడళ్ళు, మనుమలు దిగుతారు. ఇంటి యజమానికి ఒక చేత పిల్లవాడు, ఒక చేత మజ్జిగచెంబు ఉన్న సంచి, మెడలో కెమెరా. పూర్వము కెమెరా ఉన్న ఇల్లు వీధికి ఒకటి. నేడు సెల్‌ఫోను రూపములో అది ప్రతివారి జేబులోను ఉన్నది కనుక, ఈ చిక్కు ఇప్పుడు అందరిదీ అయినది.

చిక్కు ఏమిటనగా, తేరును తీయవలెనా, చుట్టాలను చూచుకొనవలెనా అన్నది. రెండూ చేయవచ్చును. అయితే కొంత ముందుచూపు, వెలుతురు స్వభావమును గురించి కొంత తెలివిడి ఉండవలెను. నేను అది లేకనే ఒకసారి చెడినాను. ఆ సంగతి మొదట చెప్పి తరువాత మిగిలిన విషయాలకు వస్తాను.

రీళ్ళు వేసి బొమ్మలు తీసే కాలములో మా పెద్దమ్మ తేరు చూచుటకు ఒంటిమిట్ట వచ్చినది. ఏటేటా భద్రాచలములో జరిగే సీతారామకల్యాణమును రేడియోలో, వ్యాఖ్యాతల మాటలలో, మడికట్టుకొని కూర్చుండి వినేది ఆమె. "చెవులతో చూసింది చాలు నాయనా, ఒక్కసారి కండ్లతో చూస్తా" అన్నది. తీసుకొని పోయినాము. నా దగ్గర ముప్పదియారు బొమ్మల రీలు ఒకటి ఉన్నది. తేరు కదలినది మొదలు నాకు ఒళ్ళు తెలియలేదు. "ఏరా, తేరునే తీస్తాండావు, నన్ను తీయవా?" అని ఆమె ఒకటి రెండుసార్లు నవ్వుతూ అడిగినది. "సాయంత్రము నిదానముగా తీస్తాను లే పెద్దమ్మా" అన్నాను. సాయంత్రానికి రీలు అయిపోయినది. ఆ కార్తీకములో పెద్దమ్మ పోయినది. గోడకు పెట్టుకొందాము, తిరుణాలలో తీసిన బొమ్మ పంపమని ఆమె కొడుకు ఉత్తరము వ్రాసినాడు. ప్రింట్లన్నీ పరచి చూచినాను. ముప్పదియైదింటిలో తేరు. మిగిలిన ఒకదానిలో, అంచున, ఎర్రంచు తెల్లచీర చెంగు, ఒక మోచేయి.

కనుక మొదటి మాట: చుట్టాల బొమ్మ తేరు బయలుదేరక ముందే తీయవలెను. ఇంటినుండి కదిలేటప్పుడు, వాకిట, సూర్యుడు ఇంకా ఇంటి కప్పు దాటని సమయాన, గోడనీడలో అందరిని నిలబెట్టి రెండు తీయవలెను. ముసలివారిని విడిగా ఒకటి. అప్పుడు తలకు రాసిన నూనె ఆరలేదు, పిల్లల చొక్కాలు నలగలేదు, ఎవరికీ దప్పిక లేదు. పగలు పదకొండు గంటలకు తీసే బొమ్మలో ఇవేవీ మిగలవు. ఈ పద్ధతికి ఇంకొక ప్రయోజనము కూడ ఉన్నది. జనములో పిల్లవాడు తప్పిపోయినచో, ఏ రంగు చొక్కా వేసుకొన్నాడో తల్లికి కంగారులో గుర్తురాదు. ఆ ఉదయము తీసిన బొమ్మను పోలీసువారికో, మైకులో పిలిచేవారికో చూపవచ్చును.

ఇక వెలుతురు సంగతి. మన కంటికీ కెమెరాకూ ఒక పెద్ద భేదము కలదు. మనము ఎండలో ఉన్న గోపురమును చూచి, వెంటనే చింతచెట్టు నీడలోని అవ్వ ముఖమును చూచినప్పుడు కంటిపాప క్షణములో సర్దుకొంటుంది. కెమెరా ఒక బొమ్మకు ఒకే కొలతను ఎంచుకొనవలెను. ఆకాశానికి సరిపడే కొలత పెడితే నీడలోని ముఖము నల్లబడుతుంది. ముఖానికి సరిపడే కొలత పెడితే ఆకాశము తెల్లకాగితమవుతుంది. మన రాయలసీమ ఎండలో ఈ తేడా మరీ హెచ్చు. గాలిలో తేమ తక్కువ, మబ్బు తక్కువ. వెలుతురును మెత్తబరచే తెర ఏదీ ఉండదు. నడినెత్తిన సూర్యుడుండగా తీసిన ముఖాలలో కండ్లున్నచోట రెండు నల్లని గుంటలు కనబడుట ఇందువలననే.

పాత ఛాయాగ్రాహకులు వాడుకొన్న సూత్రము ఒకటి ఈనాటికీ పనికివస్తుంది. నిండు ఎండలో కటకపు రంధ్రమును 16వ గుర్తు వద్ద ఉంచి, ఫిల్ము వేగము సంఖ్య ఎంతయో సెకనులో అన్నవ వంతు కాలము తెర తెరవవలెను. 100 వేగము ఫిల్మైతే సెకనులో నూరవ వంతు. కాని తాడు లాగే జనము కదలుచుండును గనుక నూరవ వంతు చాలదు. చేతులు, తలలు అలుక్కుపోతవి. రంధ్రమును 8వ గుర్తుకు తెరచినచో అదే వెలుతురును సెకనులో నాలుగు వందల వంతులోనే పొందవచ్చును. ఒకప్పుడు మన ఇండ్లలో విరివిగా ఉన్న ఆగ్ఫా క్లిక్ పెట్టెలకు ఈ స్వేచ్ఛ లేదు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, తెరకు ఒకే వేగము, రీలుకు పన్నెండు చతురస్రపు బొమ్మలు. అందుచేతనే ఆ కాలపు కుటుంబచిత్రాలలో అందరూ శిలలవలె బిగుసుకొని ఉంటారు. కదిలితే బొమ్మ చెడునని తీసేవాడు ముందే గద్దించి ఉంటాడు.

సెల్‌ఫోను ఈ లెక్కలన్నీ తానే వేసుకొంటుంది. అయినను దానికొక భ్రమ ఉన్నది. ఎదుట కనబడేదంతా కలిసి నడితరపు బూడిదరంగని అది తలుస్తుంది. తెల్లపంచెలు, తెల్లచొక్కాలు ధరించిన చెక్కభజన జట్టును తీస్తే తెలుపు మాసినట్లు వస్తుంది. కడప నల్ల నాపరాళ్ళు పరచిన అరుగుమీద కూర్చున్న మనిషిని తీస్తే నలుపు వెలిసిపోయి, మనిషి పాలిపోతాడు. తెల్లనివాటికి వెలుతురు కొంచెము పెంచవలెను, నల్లనివాటికి తగ్గించవలెను. తెరమీద కావలసిన ముఖమును వ్రేలితో తాకితే ఫోను ఆ ముఖమును బట్టి కొలతను మార్చుకొంటుంది. ఇంత చిన్న పనిని నూటికి తొంబదిమంది చేయరు.

ఒంటిమిట్ట ఆలయ ప్రధాన గోపురము తూర్పుముఖముగా ఉన్నది. కావున ఉదయపు వెలుగు దానిమీద నేరుగా పడి, శిల్పాలు ఒక్కొక్కటిగా పైకి లేచి కనబడతవి. మధ్యాహ్నము తిరిగిన తరువాత అదే గోపురము తన నీడలో తానే మునుగుతుంది. 1652లో గండికోటకు పోవుచు ఈ దారిన వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే ఈ ఆలయమును దేశములోని గొప్ప దేవాలయాలలో ఒకటిగా వ్రాసినాడు. ఆతడు ఏ వేళకు చూచినాడో గాని, ఉదయమే అయి ఉండునని నాకు తోస్తుంది. ఒకే శిలలో సీతారామలక్ష్మణులను మలచినారు గనుక ఏకశిలానగరమన్న పేరు వచ్చినది. గర్భాలయములో హనుమంతుడు లేడు. శిథిలమవుతున్న ఈ ఆలయమునకు టెంకాయచిప్ప చేతబట్టి భిక్షమెత్తి జీర్ణోద్ధారము చేయించిన ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు 1936లో గతించినారు. రాష్ట్రవిభజన జరిగి భద్రాచలము తెలంగాణములో చేరిన పిదప, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నవమి ఉత్సవాలను ఇక్కడ జరిపిస్తున్నది. అంతకుముందు మా జిల్లావారి తిరుణాలగా ఉన్నది ఇప్పుడు రాష్ట్రపు తిరుణాల అయినది. జనము పెరిగినారు, నిలబడి తీయుటకు చోటు తగ్గినది.

తేరు బొమ్మకు స్థలము ముఖ్యము. తేరు ముందు, తాళ్ళ నడుమ నిలబడి తీయుట ప్రాణాపాయము. అంత బరువు కదలిన తరువాత అనుకొన్నచోట ఆగదు. చక్రాల క్రింద కొయ్యదిమ్మెలు పెట్టి దారి మళ్ళించేవారికి కూడ మనము అడ్డమే. వీధి మలుపు నుండి కొంత దూరమున, వీలైతే ఇంటివారిని అడిగి ఒక మేడమీద, నిలబడవలెను. మలుపు తిరుగుటకు తేరు చాలసేపు ఆగుతుంది. ఆ విరామమే మన అదను. క్రింద నుండి కెమెరాను పైకి వంచి తీస్తే తేరు శిఖరము వెనుకకు పడిపోతున్నట్లు కనబడుతుంది. మేడమీదనుండి గాని, దూరమునుండి గాని తీసినచో ఆ దోషము ఉండదు. ఇంతకు, తేరును మాత్రమే తీసిన బొమ్మ ఏ సంవత్సరానిదైనా ఒకటే. తాడు లాగేవారి బిగిసిన దవడలు, మేడలమీదనుండి బొరుగులు, పూలు చల్లే ఆడవారు, తండ్రి భుజముమీద నిద్రపోయిన పిల్ల - ఇవి ఆ ఏటికే చెందినవి. నాకు ఈ జ్ఞానము ఆలస్యముగా కలిగినది.

ముసలివారిని ఆ జనములోనికి తీసుకొనిపోరాదు. తేరు వచ్చే దారిలోనే నీడపట్టున ఒక అరుగు చూచి, నీళ్ళతో ముందుగా కూర్చుండబెట్టి, తేరు వారి వెనుకగా పోయేటప్పుడు వారి ముఖమును ముందుంచి తీయవలెను. నీడలోని ముఖము, ఎండలోని తేరు - రెండూ ఒకే బొమ్మలో రావలెనంటే, పట్టపగలైనను ఫ్లాషు వెలిగించవలెను. ఆ వెలుగు పది అడుగులలోపు ఉన్న ముఖానికి చేరుతుంది. ఫ్లాషు లేనివారు ఒక తెల్లపంచెను ఎండలో ఎదురుగా పట్టించినా దాని ప్రతిఫలనము ముఖముమీద పడుతుంది. ఇంకొక మాట: కుటుంబములో ఒకరు ఆనాడు కెమెరా ముట్టరాదు. పిల్లల చేతులు పట్టుకొనుటే వారి పని. మా ఇంట ఆ బాధ్యత వంతులవారీగా సాగుతున్నది. వంతు వచ్చినవారు గొణుగుతారు గాని, ఇంతవరకు ఎవరినీ పోగొట్టుకొనలేదు.

అనుమతి విషయము. ఆలయము లోపల ఛాయాచిత్రాలు తీయరాదు. బయట తీసేటప్పుడు కూడ కోలాటమాడే ఆడపిల్లలను, మొక్కు తీర్చుకొనేవారిని దగ్గరగా తీయదలచినచో ముందు అడగవలెను. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడబోయేవారికి ఇది మరీ అవసరము. అక్కడ బైరాగి వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము అని దినమున కొకటి వేస్తారు. మగవారు చీరలు కట్టి నగలు పెట్టుకొంటారు. చూచేవారికి వినోదముగా ఉండవచ్చును గాని వేసినవానికి అది మొక్కు. అడిగితే చాలమంది సంతోషముగా నిలబడతారు. దొంగచాటుగా తీస్తే కోపగించుకొనుట న్యాయమే.

కల్యాణపు రాత్రి పద్ధతి వేరు. పగటి కల్యాణమును చూడలేకపోతినని చంద్రుడు విన్నవించుకొనగా, ఇక్కడ వెన్నెలలో జరుగునట్లు స్వామి వరమిచ్చినాడని జనశ్రుతి. ఆ చంద్రుని, పెండ్లివేదికను ఒకే బొమ్మలో చూపవలెనని అందరికీ ఆశ. అది ఒక్క నొక్కుడుతో సాధ్యము కాదు. చంద్రబింబము సూర్యుని ఎండ పడుతున్న రాతినేల. దానిని తీయుటకు మన పగటి ఎండకు దగ్గరగా ఉండే కొలతే కావలెను. ఆ కొలతకు జనమంతా చీకటిలో కలిసిపోతారు. జనానికి సరిపడే కొలతకు చంద్రుడు తెల్లని చుక్క అవుతాడు. దూరమునుండి ఫ్లాషు వెలిగించుట వృథా. ముందు వరుసవారి తలల వెనుకభాగాలు మాత్రమే దివ్యముగా వస్తవి. ఏదైన స్తంభానికి మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి, వేదిక దీపాల వెలుగులోనే తీయవలెను.

ఆ రాత్రి ఆకాశమును కూడ గమనించుచుండవలెను. 2018 మార్చి 30న కల్యాణమునాడు గాలివాన, వడగండ్లు విరుచుకొనిపడి పందిళ్ళు కూలినవి; ప్రాణనష్టము జరిగినది. వేసవి తొలకరి మబ్బులు మెరుపులతో చూచుటకు ఎంతో అందముగా ఉంటవి. పడమట అవి లేచినప్పుడు కెమెరా మూసి, చుట్టాలను రేకులకు, పందిళ్ళకు దూరముగా, గట్టి కట్టడములోనికి చేర్చవలెను.

దుమ్ము, వేడిమి గురించి కొంచెము. కటకముమీద పడిన దుమ్మును పంచెకొంగుతో తుడిస్తే సన్నని ఇసుక గీతలు పెడుతుంది; ముందు ఊది, తరువాత మెత్తని పాతగుడ్డతో తుడవవలెను. తలుపులు మూసిన కారులో ఫోనును, ఫిల్మును వదలరాదు. వేడెక్కిన ఫోను తేరు ఎదుటికి వచ్చిన క్షణముననే పనిచేయుట మానుతుంది. తడిగుడ్డలో చుట్టవద్దు, నీడలో, గాలి తగిలేచోట ఉంచితే చాలును.

చుట్టాలు ఊళ్ళకు పోయిన తరువాత వారికి బొమ్మలు పంపుట మరువరాదు. ఫోనులో పంపినవి చూచి మరచిపోతారు, ఫోను మారితే పోతవి. పెద్దవారు ఉన్న బొమ్మలు నాలుగైనా కాగితముమీద వేయించవలెను. వెనుక మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, ఉన్నవారి పేర్లు ఎడమనుండి కుడికి, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సిరా అయితే కొన్నాళ్ళకు ముందువైపునకు ఊరవచ్చును. మా ఇంటి పెట్టెలో పేర్లు లేని బొమ్మలు చాల ఉన్నవి. ఆ మోచేయి ఉన్న బొమ్మ వెనుక పోయిన సంక్రాంతికి పెద్దమ్మ పేరు వ్రాసి, ఒక ప్రతి ఆదోనికి పంపినాను. వారు దానిని పటము కట్టించినారట.