రెండుమార్లు వ్రాసిన వ్యాకరణం

తెలుగుకు వ్యాకరణం వ్రాసిన దొర ఎవరంటే మనలో నూటికి తొంభైమంది బ్రౌన్ దొర పేరు చెబుతారు. కాస్త లోతుగా చదివినవారు క్యాంబెల్ పేరు కూడా చెప్పగలరు. బ్రౌన్ వ్యాకరణం 1840 నాటిది. క్యాంబెల్ ది 1816లో మద్రాసులో అచ్చయింది. ఈ రెండింటికంటే ముందు, 1814లో, తెలుగు దేశానికి ఎంతో దూరాన, వంగదేశంలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరామపురంలో ఇంగ్లీషులో ఒక తెలుగు వ్యాకరణం వెలువడింది. వ్రాసినవాడు విలియం కేరీ. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా, "ఆయన గొప్ప తెలుగు పండితుడాండీ?" అని విద్యార్థులు అడుగుతారు. కాదు. ఆయన బైబిలు అనువాదకుడు. అంతకుముందు జోళ్లు కుట్టేవాడు.

కేరీ 1761లో ఇంగ్లండులో పాలర్స్‌పరీ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి మొదట మగ్గం నేసి, తరువాత బడిపంతులైనాడు. కొడుకును జోళ్ల పని నేర్చుకోమని ఒక యజమాని దగ్గర పెట్టారు. ఆ దుకాణంలో బైబిలు వ్యాఖ్యానం ఒకటి ఉండేది. అందులో అక్కడక్కడ గ్రీకు మాటలు. కుర్రవాడు వాటిని కాగితం మీద ఎక్కించుకొని, తెలిసినవారి దగ్గరకు తీసుకుపోయి అర్థం అడిగేవాడు. ఆయన చదువు అలా మొదలైంది. కత్తి, ఆరె వదలకుండానే లాటిను, గ్రీకు, హీబ్రూ పట్టుపడ్డాయి. తరువాత బాప్టిస్టు సంఘంలో బోధకుడైనాడు. ఎన్నో ఏళ్ల తరువాత ఒక పెద్ద విందులో ఎవరో, ఈయన ఒకప్పుడు జోళ్లు తయారుచేసేవాడట కదా అని ఎత్తిపొడిస్తే, "తయారుచేయడం కూడా కాదండీ, పాతవి బాగుచేసేవాణ్ణి" అన్నాడని చెప్పుకుంటారు.

1793లో భార్యాబిడ్డలతో ఇండియాకు వచ్చాడు. భార్య డొరొతీ అక్షరం ముక్క రానిది. ఓడ ఎక్కడం ఆమెకు ఇష్టం లేదు. చంటిబిడ్డ ఒడిలో ఉండగా, తోడుగా చెల్లెలు కూడా వస్తానంటే బయలుదేరింది. వచ్చిన మరుసటి ఏడే అయిదేళ్ల కొడుకు పీటరు జ్వరంతో పోయాడు. ఆ దెబ్బకు తల్లి మనసు చెదిరింది, మళ్లీ కుదుటపడలేదు. 1807లో చనిపోయేవరకు ఆమెను చాలాకాలం ఒక గదిలోనే ఉంచవలసి వచ్చింది. పక్క గదిలో కేరీ అనువాదం చేసుకునేవాడు. ఆయన జీవితచరిత్రలో ఈ పుట చదివినప్పుడల్లా నా చేయి కాసేపు ఆగిపోతుంది. ఆయన కార్యదీక్షను మెచ్చుకొనేవారు ఆ మూసిన గదిని మరచిపోకూడదు.

కంపెనీవారు తమ సీమలో క్రైస్తవ బోధకులను సాగనిచ్చేవారు కారు. అందుకని కేరీ 1800లో డేనిష్ వారి ఏలుబడిలో ఉన్న శ్రీరామపురం చేరి, మార్ష్‌మన్, వార్డు అనే మిత్రులతో కలిసి అచ్చాఫీసు పెట్టాడు. 1801లో వంగభాషలో కొత్త నిబంధన అచ్చయింది. ఆ ఏడే కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో ఆయనకు ఉద్యోగమైంది. జీతంలో ఎక్కువభాగం అచ్చాఫీసుకే పోయేది. 1806లో మిత్రుడికి వ్రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు. పొద్దున్నే లేచి హీబ్రూ బైబిలు, ఆపైన మున్షీతో పారసీకం, కళాశాలలో పాఠాలు, మధ్యాహ్నం సంస్కృతానువాదం. సాయంత్రం ఆరు గంటలకు ఒక తెలుగు పండితుడి ముందు కూర్చొని తెలుగు పాఠం. ఏడు గంటలకు ప్రసంగానికి సిద్ధం కావడం. ఆ గంట గంట పాఠమే కొన్నేళ్లకు వ్యాకరణమైంది.

1812 మార్చి 11 సాయంత్రం శ్రీరామపురం అచ్చాఫీసు అంటుకున్నది. కేరీ ఆనాడు కలకత్తాలో ఉన్నాడు. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి కబురు చెప్పాడు. తిరిగివచ్చి చూస్తే గోడలు మాత్రం మిగిలాయి. కాగితం, అనేక లిపుల అచ్చు అక్షరాలు, అనువాదాల వ్రాతప్రతులు బుగ్గి అయినాయి. ఎన్నో ఏళ్లుగా కూర్చుకుంటున్న బహుభాషా నిఘంటువు పోయింది. వాటితోపాటు తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కూడా పోయింది.

అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. అయ్యో అనుకొని ఊరుకుంటే తప్పుపట్టేవారు లేరు. కాని వార్డు బూడిదలో వెతికితే అక్షరాలు పోతపోసే ఉక్కు పోతలు, అచ్చుమూసలు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసాన్నే మళ్లీ అక్షరాలుగా పోశారు. ఒకసారి నడిచిన దారి రెండోసారి నడవడం కష్టమైనా అడుగు తడబడదు అన్న భావం కేరీ ఉత్తరాల్లో కనబడుతుంది. రెండేళ్లలో తెలుగు వ్యాకరణం తిరిగి వ్రాసి అచ్చువేయించాడు. అన్నీ మాత్రం తిరిగి రాలేదు. ఆ బహుభాషా నిఘంటువు పోయిందే పోయింది.

ఇంత శ్రమపడి వ్రాసిన వ్యాకరణం తప్పుల్లేనిదా? కాదు. దక్షిణాది భాషలకూ ఉత్తరాది భాషలకూ మూలం ఒకటేనని ఆయన అనుకున్నాడు. అయితే దక్షిణాది భాషల్లో ఎక్కడినుంచి వచ్చాయో తెలియని మాటలు చాలా ఉన్నాయని కూడా నిజాయితీగా పీఠికలో వ్రాశాడు. ఆ తెలియని మాటల గుట్టు విప్పినవాడు మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర. 1816లో క్యాంబెల్ వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమనీ, అవి సంస్కృతం నుంచి పుట్టలేదనీ నిరూపించాడు. కేరీ వదిలిన ప్రశ్నే ఎల్లిస్ అందుకున్న కొస.

శ్రీరామపురంనుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది. ఆయన 1834లో కన్నుమూసేనాటికి సుమారు 40 భాషల్లో, మాండలికాల్లో బైబిలు పూర్తిగానో కొంతగానో అచ్చయింది. వాటిలో చాలా అనువాదాలు నిలవలేదు. ఈనాడు మన క్రైస్తవ సోదరులు చదివే తెలుగు బైబిలు ఆయనది కాదు. వెనుక కూర్చొని మాటమాటా చెప్పిన పండితుల పేర్లు అట్టల మీదికి ఎక్కనూ లేదు.

అయినా వ్యాకరణాల చరిత్ర చెప్పేటప్పుడు నేను కేరీతోనే మొదలుపెడతాను. పరీక్షకు ఆయన పుస్తకం అవసరం లేదు. మన పిల్లలకు అవసరమయ్యేది, పనంతా బూడిదైన తరువాత మొదటి పుట మళ్లీ తెరిచిన ఆ చేయి. తెలుగు ఆయన తల్లిభాష కాదు. మనకు తల్లిభాషే. ఒక్కసారైనా సరిగా నేర్చుకోవడానికి మనకు ఏ మంట అడ్డం వచ్చింది?