కారుకు పెద్ద టైరు వేసేముందు ఈ లెక్క చూసుకోండి



హిందూపురం, మడకశిర వైపు నుంచి రామనగర మార్కెట్‌కు గూళ్లు సొంత కార్లో తెచ్చేవాళ్లు మనలో ఉన్నారు. బెంగళూరు జె.సి. రోడ్డులో అలాయ్ వీల్స్, వెడల్పు టైర్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ఖాళీ బండిలో అవి బాగానే తిరుగుతాయి. గూళ్ల సంచులు, మనుషులు ఎక్కాక స్ప్రింగు దిగి, హంపు మీద టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. అట్లే పోతే టైరు పక్క గోడ తెగి దారిలో పగులుతుంది. మనకు ప్రాణాపాయం, పైగా ఆలస్యమైతే గూళ్ల బరువు తగ్గి వేలం కూడా తప్పుతుంది.

టైరు మీది అంకెలు ఇట్లా చదవాలి. మారుతి స్విఫ్ట్ కింది మోడళ్లకు 165/80 ఆర్14 వస్తుంది. 165 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, అంటే 132. రిమ్ము 14 అంగుళాలు, అంటే 356. మొత్తం ఎత్తు 132 + 132 + 356 = 620 మి.మీ.

పై మోడళ్లకు 185/65 ఆర్15. లెక్క కడితే 621.5. రిమ్ము పెరిగింది, పక్క గోడ తగ్గింది, మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంది. కిటుకంతా ఇదే.

అదే రిమ్ముకు 205/65 వేస్తే 647.5 అవుతుంది. పైన 13 మి.మీ. సందు పోయింది, పక్కలకు చెరి 10 పోయింది. మీటరు 60 చూపిస్తే బండి 62 దాటి పోతుంటుంది. అందుకే మొత్తం ఎత్తులో తేడా 2, 3 శాతం దాటనీయొద్దు.

రిమ్ము కొనేటప్పుడు మూడు చూడండి:
1. బోల్టుల కొలత మీ బండిదే ఉండాలి. స్విఫ్ట్‌కు 4 బోల్టులు, 100 మి.మీ. వృత్తం.
2. రిమ్ము మీద ఈటీ అని ఒక అంకె ఉంటుంది. అది బాగా తగ్గితే చక్రం బయటికొచ్చి మడ్‌గార్డుకు తగులుతుంది, పెరిగితే లోపల షాక్ అబ్జార్బర్‌కు తగులుతుంది.
3. టైరు సైజు పక్కనుండే లోడు నంబరు పాతదానికంటే తగ్గకూడదు. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది.

డబ్బు కట్టకముందే బండిలో నలుగురిని కూర్చోబెట్టండి. స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి ముందుకు, వెనక్కు పోనిచ్చి, మెల్లగా ఒక హంపు ఎక్కించండి. కిర్రుమని శబ్దం వచ్చినా, టైరు మీద గీత పడినా ఆ సైజు మనకొద్దు. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో కంపెనీ చెప్పిన సైజు ఉంటుంది. లెక్క తెగకపోతే అదే వేయించుకోండి.