వెంకన్న చుట్టూ ఏడు చుట్లు... మెదడుకి ఎన్ని పాట్లు!

శనివారం తెల్లవారుజాము. కోనసీమలోని వాడపల్లి. గౌతమి గోదావరి ఒడ్డున గోవింద నామాలు మారుమోగుతున్నాయి. ఎర్రచందనం మూర్తిగా కొలువైన వెంకన్న చుట్టూ ఏడు ప్రదక్షిణలు, అలా ఏడు శనివారాలు... ఇదీ ఇక్కడి మొక్కు. ఆ జనంలో అరవై దాటిన ఓ అమ్మమ్మను ఊహించుకోండి. ఓ చేతిలో కొబ్బరికాయ సంచి, మరో చేతిలో మనవడి చెయ్యి, నోట గోవింద నామం, మనసులో ప్రదక్షిణల లెక్క.

చూడ్డానికి మామూలు నడకే. కానీ దాని కోసం ఆమె తలలో పెద్ద యంత్రాంగమే పనిచేస్తోంది!

మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీర బరువులో 2 శాతమే అయినా, ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో 20 శాతం దానికే కావాలి. అందులో ఉండే నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. పెద్దమెదడు, చిన్నమెదడు, మెదడు కాండం... స్థూలంగా ఇవీ మూడు భాగాలు.

లెక్క తప్పనివ్వదు

‘ఇది నాలుగోదా, ఐదోదా?’ అని గుర్తుపెట్టుకోవడంలో ముఖ్యపాత్ర నుదుటి వెనకున్న ఫ్రాంటల్ లోబ్‌ది. పూతరేకులు కొనమని మారాం చేసే మనవడిపై విసుక్కోకుండా ‘దర్శనం అయ్యాక కొంటాను నాన్నా’ అనిపించేదీ అదే. కాళ్లూ చేతులూ కదపమనే ఆజ్ఞలు దాని వెనక అంచు నుంచే వెళ్తాయి. కాలికింద రాయి చల్లగా ఉందో, చుర్రుమంటోందో చెప్పేది నడినెత్తి దగ్గరి పెరైటల్ లోబ్. గోవింద నామాలు వినేది చెవుల పక్కనున్న టెంపోరల్ లోబ్. మరి చూపు? కళ్లు ముందున్నా, గోపురాన్ని ‘చూసేది’ మాత్రం తల వెనకున్న ఆక్సిపిటల్ లోబ్!

ఈ కబుర్లన్నీ చేరే కూడలి థాలమస్. మన రావులపాలెం సెంటర్ లాంటిదన్నమాట. ఒక్క వాసనకే మినహాయింపు. కర్పూరం వాసన ఈ కూడలికి రాకుండా బైపాస్‌లో జ్ఞాపకాల, భావోద్వేగాల కేంద్రాలకు చేరిపోతుంది. ఆ గుబాళింపుతో పాత సంగతులు చటుక్కున గుర్తుకు రావడం అందుకే.

కిందటి శనివారం ఏం జరిగిందో దాచిపెట్టేది హిప్పోక్యాంపస్. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించేందుకు రెండువైపులా ఆ భాగాన్ని చాలావరకు తొలగించారు. పాతవి చాలావరకు గుర్తున్నాయి కానీ, ఆ తర్వాత కలిసిన మనుషులెవరూ గుర్తుండేవారు కాదు. జనంలో మనవడి చెయ్యి జారితే గుండె ఝల్లుమనిపించేది అమిగ్డలా. దాహం, ఆకలి, ఒంటి వేడి చూసుకునేది హైపోథాలమస్.

తూలిపోకుండా మలుపు తిరగడం చిన్నమెదడు పుణ్యం. పేరుకే చిన్న... మొత్తం నాడీకణాల్లో ఐదింట నాలుగొంతులు అందులోనే! అడుగునున్న మెదడు కాండం ఊపిరిని, గుండె వేగాన్ని నడిపిస్తుంది. కదలికల నాడులు ఎక్కువగా అక్కడే అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. అందుకే కుడిచేతిని ఎడమ మెదడు ఆడిస్తుంది.

మాట తడబడితే...

మెదడులో ఏ భాగానికి రక్తం ఆగితే ఆ పని ఆగుతుంది. అదే పక్షవాతం. చాలామందికి మాట్లాడే కేంద్రాలు ఎడమవైపే ఉంటాయి. కుడి చెయ్యి పడిపోయినప్పుడు తరచూ మాటా పోయేది అందుకే. మాట పలికించే చోటును 1861లో ఫ్రాన్స్ వైద్యుడు బ్రోకా గుర్తించాడు. మాటకు అర్థం తెలిపే చోటును 1874లో జర్మనీకి చెందిన వెర్నికే వివరించాడు. ఈ రెండోది దెబ్బతింటే మాట గడగడా వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. చెయ్యి పడిపోతే పావురం రక్తం రాసేవాళ్లు, పసరు మందుకు పరిగెత్తేవాళ్లూ ఉన్నారు.

అసలు నష్టం అక్కడే. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దారిలో పోయే సమయమూ అందులోదే!

ఇలా కనిపెట్టండి

* నవ్వమనండి. మూతి ఓ పక్కకు పోతోందా?
* రెండు చేతులూ ఎత్తమనండి. ఒకటి వాలిపోతోందా?
* ఓ మాట చెప్పించండి. తడబడుతోందా?
* ఉన్నట్టుండి చూపు తగ్గినా, తూలినా అనుమానించాల్సిందే.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. చివరిసారిగా ఎన్నింటికి బాగున్నారో వైద్యులకు చెప్పండి. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు కూడా పట్టొద్దు. స్కాన్ తీయకుండా ఆస్పిరిన్ ఇవ్వొద్దు. మెదడులో రక్తనాళం చిట్లి ఉంటే అది మరింత కీడు చేస్తుంది.

వచ్చే శనివారం వాడపల్లి వెళ్తే పక్కన నడిచే పెద్దవాళ్ల మాట, నడక ఓ కంట కనిపెట్టండి. తేడా అనిపిస్తే ‘ఇంకొక్క చుట్టే కదా’ అనుకోవద్దు. ప్రదక్షిణ మధ్యలో ఆపి ఆసుపత్రికి వెళ్లినా వెంకన్న ఏమీ అనుకోడు!