రెప్ప వాలితే తెల్లసొన లేపుతుందా?

పత్తి, సోయా పండే బోథ్ లాంటి ఊళ్లలోనూ ఫోన్ తెరిస్తే చాలు, సౌందర్య చిట్కాలు వరుస కడతాయి. వాలిన కనురెప్పకు కోడిగుడ్డు తెల్లసొన, కీరా ముక్క, ఆముదం, ఐసుగడ్డ... వీటిలో పస ఎంత?

అపోహ: తెల్లసొన రాస్తే రెప్ప బిగుసుకుని పైకి లేస్తుంది.

వాస్తవం: ఆరిన తెల్లసొన చర్మం మీద పలుచని పొర కడుతుంది. ముడతలు కాసేపు తగ్గినట్టుంటాయి. ముఖం కడిగితే మళ్లీ మామూలే. అసలు రెప్పను ఎత్తేది చర్మం కాదు, లోపలున్న చిన్న కండరం. వయసుతో దాని పట్టు సడలినా, దాని నరం దెబ్బతిన్నా పైపూతలు అక్కడిదాకా చేరవు.

అపోహ: కీరా, ఆముదం రోజూ వాడితే మెల్లగా సరవుతుంది.

వాస్తవం: కీరా చల్లదనానికి ఉబ్బు తగ్గుతుంది, ఆముదం చర్మాన్ని మెత్తబరుస్తుంది. అంతే. వేలాడే చర్మానికైనా, సడలిన కండరానికైనా శాశ్వత మార్గం ఆపరేషనే. అమెరికాలో 2020లో అనుమతి పొందిన ఆక్సీమెటజోలిన్ చుక్కలు కూడా రెప్పను సుమారు ఒక మిల్లీమీటరు, అదీ కొన్ని గంటలే లేపుతాయి.

అపోహ: ఐసు పెట్టగానే రెప్ప లేస్తే చిట్కా ఫలించినట్టే.

వాస్తవం: అప్పుడే అనుమానించాలి. మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బులో నరం పంపే సంకేతం కండరానికి సరిగా అందదు. పొద్దున బాగున్న రెప్ప సాయంత్రానికి వాలుతుంది, చల్లదనం తగిలితే కాసేపు తేరుకుంటుంది. డాక్టర్లు రెండు నిమిషాలు ఐసు పెట్టి చూసేది ఈ జబ్బును పట్టుకోవడానికే.

అపోహ: పసిపిల్లల రెప్ప పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది.

వాస్తవం: పుట్టుకతో వాలిన రెప్ప కనుపాపను కప్పేస్తే ఆ కంటికి చూపు సరిగా ఎదగదు. ఆలస్యం చేయకుండా చూపించాలి.

అపోహ: రెప్ప వాలడం అందానికి సంబంధించిన సంగతే.

వాస్తవం: నేల మీద పడుకునే ఇళ్లలో ఈ నమ్మకం ప్రాణం మీదికి తేవచ్చు. కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాట్లు కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి రెండు రెప్పలూ వాలిపోవడం విషం ఎక్కుతోందనడానికి తొలి గుర్తుల్లో ఒకటి. ఆ తర్వాత మింగడం, ఊపిరి తీయడం కష్టమవుతాయి. అప్పుడు కావలసింది పసరు మందు కాదు, ఆస్పత్రిలో యాంటీవెనం.

ఒక్క రెప్పే హఠాత్తుగా వాలి, తీవ్రమైన తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం తోడైతే మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి. ఏళ్ల తరబడి మెల్లగా వాలిన రెప్పకైతే తొందర లేదు. హైదరాబాద్‌లోని సరోజినీదేవి, ఎల్.వి.ప్రసాద్ వంటి కంటి ఆస్పత్రుల్లో చూపించుకుని, ఆపరేషన్ అవసరమో కాదో తేల్చుకోవచ్చు.